బోసి చేతుల ధర

యాభై ఏళ్లు దాటేదాకా నాకు అక్షరం రాదు. ఇది ఇంతకాలం రాయకపోవడానికి మొదటి కారణం అదే. సంతకం అడిగిన చోట బొటనవేలు చాపేదాన్ని. బస్సు మీద ఊరి పేరు చదవలేక, ఎక్కేవాళ్లలో తెలిసిన ముఖం ఏదైనా ఉందా అని చూసి ఎక్కేదాన్ని. అక్షరాలు వచ్చాక ఇంకో కారణం మిగిలింది. ఇందులో ముఖ్యమైన మనిషిని నేను కాదు, మా ఊరి ఇంకొకామె. ఆమె బతికి ఉండగా ఎవరికీ చెప్పనని మాట ఇచ్చాను. "నేను పోయినంక చెప్పుకో, రాసుకో, నీ ఇష్టం. అప్పుడు ఎవలేమన్నా నాకు ఇనబడది" అన్నది. మొన్నటి ఎండాకాలంలో ఆమె పోయింది. మొగుడు పోయి ఎన్నో ఏళ్లయిన మనిషిని ఆకుపచ్చ గాజులతో సాగనంపారేమిటని మా ఊళ్లో ఒకరిద్దరు నన్ను అడిగారు. అప్పుడు ఏమీ చెప్పలేదు. దినాలన్నీ అయిపోయాక ఇది రాయడానికి కూర్చున్నాను.

మొయినాబాద్ రోడ్డు మీద, చేవెళ్ల దాకా, ఇప్పుడు తినే సరుకు పొట్లాలు కట్టే షెడ్లు చాలా ఉన్నాయి. వాటిలో పనిచేసే ఆడపిల్లలు ఇది చదవాలని నా కోరిక. మీరు లోపలికి పోయే ముందు గాజులు, బొట్టు తీసి ఒక డబ్బాలో పెడతారు. తలకు టోపీ, చేతులకు గ్లౌజులు వేసుకుంటారు. గోడ మీద బొమ్మలు వేసి మరీ చెబుతారు. డబ్బా ముందు నిలబడి విసుక్కునేవాళ్లు మీలోనూ ఉంటారు. మా రోజుల్లో ఆ డబ్బా లేదు. దాని బదులు మేము ఉండేవాళ్లం.

మా సేటు వాళ్లకు చేవెళ్ల బజారులో కిరాణా దుకాణం. దుకాణం వెనక పిండి, కారం పట్టే గిర్నీలు ఉండేవి. తండ్రి దుకాణం దాకా చూసుకున్నాడు. కొడుకు ఇంకాస్త దూరం చూసి, మొయినాబాద్ దగ్గర జాగా తీసుకుని రేకుల షెడ్డు వేశాడు. కారం, పసుపు, ధనియాల పొడి పొట్లాలు కట్టి గల్ఫ్‌కు పంపే పని మొదలుపెట్టాడు. నేను ఆ కొడుకు దగ్గరే పనిచేశాను. మేము అతన్నే సేటు అనేవాళ్లం.

సరుకు పోయేది రెండు దేశాలకు. రెండూ పక్కపక్కనే. మధ్యలో సముద్రం పాయ, దాని మీద పెద్ద వంతెన. వాటి పేర్లు మాకు నోరు తిరగక ఒకటి వంతెన అవతలిది, ఇంకోటి వంతెన ఇవతలిది అనుకునేవాళ్లం. ఏది అవతల, ఏది ఇవతల అని ఎవరూ తేల్చలేదు. మొదట ఒక్క దేశానికే పంపేవాళ్లం. అది పెద్దది. తర్వాత రెండోది వచ్చింది. అది చిన్నది, కానీ షరతులు పెద్దవి.

ఒక పొద్దున సేటు మా అందరినీ నిలబెట్టి ఆ షరతులు చెప్పాడు. చిన్న దేశానికి కట్టే సరుకు దగ్గర గాజులు ఉండకూడదు, విరిగి కారంలో పడతాయని. బొట్టు బిళ్ల ఉండకూడదు. మెడలో పుస్తెలు కూడా లోపలికి దోపుకోవాలి, తలకు టోపీ పెట్టుకోవాలి.

షెడ్డంతా గొల్లుమంది. "మా ఇంటాయన ఇంట్ల పాణంతోని ఉన్నడు సేటూ, గాజులెట్ల తీస్తం?" అని ఒకామె. "తీసి నీ చేతులకేస్తం, ఏసుకుంటవా?" అని ఇంకొకామె. ఇద్దరు ఆ రోజే సంచి తీసుకుని ఇంటికి పోయారు. సేటు తల గోక్కున్నాడు. చెడ్డవాడు కాదు, ఆడవాళ్లతో వాదించడం ఇష్టం లేనివాడు. కాసేపు మమ్మల్ని అటూ ఇటూ చూశాడు. చూసి, మెల్లగా అన్నాడు.

"సరే, ఏసుకోనోళ్లు ఒక దిక్కు కూసోండ్రి."

ఏసుకోనివాళ్లంటే ఎవరో అందరికీ తెలుసు. ఎవరూ మా పేర్లు పిలవలేదు. మేమే ఒక్కొక్కరం లేచి గోడ దగ్గరి బల్లకు పోయి కూర్చున్నాం. అక్కడ కూలి కొంచెం ఎక్కువ. పెండ్లిళ్లలో మమ్మల్ని వెనక నిలబెట్టేవాళ్లు, శుభకార్యానికి పోతుంటే ఎదురు రానిచ్చేవాళ్లు కాదు. మమ్మల్ని పక్కన పెట్టించిన ఆ లోటే ఒక నౌకరికి అర్హత అవుతుందని మాలో ఎవరమూ అనుకోలేదు. నేను తల వంచుకుని కూర్చున్నాను. నా పక్కన పెద్దక్క కూర్చుంది. అందరికంటే పెద్దది కాబట్టి షెడ్డులో ఆమెను అందరూ పెద్దక్క అనేవాళ్లు. మా సురంగల్ ఊరిదే. ఆమె మా ముఖాలు చూసి, గట్టిగా, షెడ్డంతా వినేటట్టు అన్నది.

"ఏడుస్తరెందుకే? మొగోళ్లు బతికున్నన్ని దినాలు ఒక్క పైస ఇయ్యలే. సచ్చిపోయి నౌకరి ఇప్పిచ్చిండ్రు."

మొదట ఎవరికీ నవ్వు రాలేదు. తర్వాత మా బల్ల మీద ఒకామె నవ్వింది, ఆ వెనక అందరం నవ్వాం. ఆ రోజు నుంచి అటువైపుది బొట్టు బల్ల, మాది బోసి బల్ల. పెద్ద దేశానికి బొట్టు బల్ల, చిన్న దేశానికి బోసి బల్ల. గిర్నీ నుంచి వచ్చే బస్తా మాత్రం ఒకటే. రెండు బల్లల తొట్లలోనూ అదే పోసేవాళ్లు.

పెద్దక్క గురించి ఇంకొంచెం చెప్పాలి. చిన్న వయసులోనే మొగుడు పోయాడు. పిల్లలు లేరు. మరిది ఇంట్లో ఒక అర్ర ఇచ్చారు, దానికి కిరాయి బదులు ఇంటి చాకిరీ. మనిషి సన్నగా ఉండేది, గొంతు మాత్రం పెద్దది. బస్తా విప్పగానే ఆమె తుమ్మితే మంచి మిరప అనీ, తుమ్మకపోతే వెనక్కి పంపాలనీ సేటే వేళాకోళం చేసేవాడు.

బొట్టు బల్ల మీద ఒక చిన్నది ఉండేది. పదో తరగతి చదివింది, అందుకని పొట్లాల మీద చీటీలు ఆమె అతికించేది. ఆమె పెనిమిటి ఆ చిన్న దేశంలోనే ఒక పెద్ద దుకాణంలో అరలు సర్దే పని చేసేవాడు. ఒకరోజు అన్నాల వేళ ఆమె ఫోను పట్టుకుని మా దగ్గరకు ఉరికి వచ్చింది.

"సూడక్కా, సూడు! మన కారమే. ఆయన ఫొటో పంపిండు."

చూశాం. అర మీద వరసగా మా పొట్లాలు. ఎండలో, దుమ్ములో ఈ రేకుల కింద కట్టినవి, అద్దంలాంటి దుకాణంలో పెండ్లికూతుళ్లలా నిలబడి ఉన్నాయి. కింద ధర రాసి ఉంది. చిన్నది మన రూపాయల్లో లెక్క చెప్పింది. మేము నమ్మలేదు.

"అంత పిరమా! బంగారం కలుపుతున్నమా ఏంది?"

"అది కాదక్కా. వంతెన దాటితే అవతలి దేశంల గింత లేదట. అదే కారం, సగానికి కొంచెం ఎక్కువట. చిన్న దేశపోళ్లు శుక్రవారం శుక్రవారం వంతెన దాటిపోయి నెల సామాన్లు తెచ్చుకుంటరట."

"కారానికి కారేసుకుని పోతరానె!"

"ఒక్క కారమేనా, సబ్బులు, పాలడబ్బలు, అన్నీ."

ఎందుకట్లా అని వాదన మొదలైంది. చిన్న దేశంవాళ్ల దగ్గర పైసలు ఎక్కువని ఒకామె. రెండూ నూనె బావుల దేశాలే కదా అని ఇంకొకామె. ఓడ ఆ దేశానికి పోతే కిరాయి ఎక్కువేమో అని నేను. ఓడ దిగేది ఒక్క రేవులోనే, అక్కడి నుంచి లారీలో వంతెన మీద పోతుందని చిన్నది. ఆమె పెనిమిటి చెప్పిన మాట ఇంకోటి ఉంది. పెద్ద దేశంలో మన సరుకు తెప్పించేవాళ్లు పది మంది, ఒకరి ధర చూసి ఇంకొకరు తగ్గిస్తారు. చిన్న దేశంలో ఒక్కడే ఏజెంటు. వాడు చెప్పిందే ధర.

పెద్దక్క అంతా విని చేయి కడుక్కుంటూ అన్నది. "మన చేవెళ్ల మార్కెట్ల టమాట, గండిపేట కాడ గేటున్న ఇండ్లల్ల అమ్మే టమాట, ఒక్క చెట్టువే గాదె? ధర ఒక్కటేనా? నడుమ ఏ సముద్రమున్నది? గేటున్న కాడ ధర ఎక్కువనే ఉంటది." తర్వాత తన చేతులు పైకెత్తి మాకు చూపించింది. "గిప్పుడు గా దేశానికి గేటు మనమే. ఈ బోసి చేతులకే గంత ధర."

నవ్వుకుని పనిలోకి పోయాం. ఆ మాట నిజమవుతుందని అప్పుడు అనుకోలేదు.

రంజాన్ నెల ముందర రెండు దేశాల నుంచీ పెద్ద ఆర్డర్లు వచ్చాయి. చిన్న దేశం కంటైనరు ముందు పోవాలి. మా బల్ల మీద ఉన్నదే కొద్దిమందిమి, పొద్దంతా కట్టినా సరిపోలేదు. పోవాల్సిన రోజు సేటు వచ్చి, బొట్టు బల్ల మీద కట్టిన పొట్లాలకు మా చీటీలు అతికించి మా డబ్బాల్లో సర్దమన్నాడు. పెద్దక్క చేయి ఆపింది.

"గట్లెట్ల సేటూ? గాజులోళ్లు కట్టినయి మా డబ్బలల్ల పెడ్తే మాట తప్పినట్టు గాదా?"

"అదే గిర్ని, అదే బస్తా. మీ చేతులకేమన్న అత్తరు పూసుకుని కడుతున్నరా? ఒక్కసారికి ఏం గాదు, సర్దుండ్రి."

సర్దాం. కంటైనరు పోయింది.

తర్వాత జరిగింది ఇప్పుడు చెప్పబోతున్నాను, కానీ అందులో ఒక ముక్క నాకు చాలా రోజులకు గానీ తెలియలేదు. ఆ తొందరలో తనూ కారం తూస్తున్న చిన్నదాని గాజు ఒకటి తూకం కాటా అంచుకు కొట్టుకుంది. మనం గాజు పగిలిందని అనం, పెరిగిందంటాం. పెనిమిటి దూర దేశంలో ఉన్నప్పుడు ఆ మాట కూడా పైకి అనడానికి భయపడతాం. ఆమె అత్త సంగతి ఊరికంతా తెలుసు, కొడుకు నుంచి ఒక పూట ఫోను రాకపోతే కోడలి అడుగు మంచిది కాదనే మనిషి. చిన్నది ఎవరికీ చెప్పకుండా పెంకులు ఏరుకుని కొంగున ముడేసుకుంది. ఇంటికి పోయి పక్కపక్కన పేర్చి చూసింది. ఒక ముక్క తక్కువ పడింది. ఊడ్చినప్పుడు పోయి ఉంటుందిలే అనుకుంది. అది అడగాలంటే ముందు గాజు సంగతి చెప్పాలి. ఆమెకు నోరు రాలేదు. చదువుకున్న పిల్ల, లెక్కలు వచ్చిన పిల్ల. కారంలో గాజుపెంకు పడితే ఏమవుతుందో తెలియక కాదు. ఆ వేళ ఆమెకు కారం గుర్తుకు రాలేదు, మొగుడి ప్రాణమే గుర్తుకు వచ్చింది.

నెల తిరగకముందే ఏజెంటు పంపిన మనిషి వచ్చాడు. మన దేశంవాడే, ఉర్దూ కలిసిన హిందీలో మాట్లాడాడు, మాకు అర్థమైంది. మంచి ఇస్త్రీ చొక్కా, మర్యాదగా ఉన్నాడు. జేబులోంచి చిన్న కవరు తీసి బల్ల మీద పెట్టాడు. అందులో గోరంత గాజుపెంకు. ఆకుపచ్చ రంగు, పైన సన్నటి బంగారు గీత. ఎవరి ఇంట్లోనో అన్నం తింటుంటే పంటి కింద పడిందట. ఎవరికీ దెబ్బ తగల్లేదని చెప్పినప్పుడు నేను కళ్లు మూసుకున్నాను.

"ఈ సరుకు కట్టింది ఏ బల్ల?" అని అడిగాడు.

సేటు మా బల్ల చూపించాడు.

"చేతులు చూపించండి."

అందరం చేతులు చాపాం. మణికట్టు దాకా కారం ఎక్కిన, ఏ గాజూ లేని చేతులు. వరసగా అన్ని బోసి చేతులు ఒక్కచోట చూడటం నాకూ అదే మొదటిసారి. రోజూ పక్కపక్కనే కూర్చున్నా అలా ఎప్పుడూ చూసుకోలేదు. ఆయన ఒక్కొక్కరి ముందూ ఆగి, ముందుకు జరిగి, చివరికి సేటు వైపు తిరిగాడు.

"వీళ్లెవరికీ గాజులు లేవు. మరి ఇది ఎక్కడిది? అటువైపు బల్ల సరుకు మా డబ్బాల్లోకి వచ్చిందా? ఆ ఒక్క మాట చెప్పండి."

ఆ ఒక్క మాటలోనే అంతా ఉంది. వచ్చిందంటే, మాట తప్పినట్టు. ఆర్డరు పోతుంది, మా బల్ల పోతుంది, మేమంతా ఇంటికి పోతాం. రాలేదంటే, ఆ పెంకు ఎవరిదో చెప్పాలి. సేటు చూపు మా మీద పడి, కిందికి దిగి, మళ్లీ మా మీదకు వచ్చింది. నేను బొట్టు బల్ల వైపు చూశాను. చిన్నది తూకం ముందు నిలబడి ఉంది. కుడి చేత్తో ఎడమ చేతి గాజులు కప్పుకుంది. పెదవులు కదులుతున్నాయి. ఇంకొక్క క్షణం ఉంటే చెప్పేసేదే.

"నాదే సారు" అన్నది పెద్దక్క.

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. "నీదా? నీకు గాజులు..."

"మొగడు సచ్చిందానికి గాజులేందని అడుగుతున్నవా? ఇంటికాడ ఏసుకోనియ్యరు సారు. గందుకే ఈడికొచ్చినంక, కొంగు కింద, ఎవలకు కనబడకుంట ఏసుకుంటుంటి. ఒకనాడు పని తొందరల పెరిగింది. ముక్కలు ఏరిన. ఒకటి దొరకలే."

బొట్టు బల్ల మీద ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. నేను "అక్కా" అనబోయాను. ఆమె బల్ల కింద నా చేయి పట్టుకుని నొక్కింది. ఆ నొక్కుడులో నాకు చెప్పాల్సింది అంతా చెప్పింది.

ఆ పెద్దమనిషి తల దించుకున్నాడు. అలాంటి జవాబు వస్తుందని ఆయన అనుకోలేదు. కవరు జేబులో పెట్టుకుని, ఈ మనిషి ఇక ఈ పనిలో ఉండకూడదని మాత్రం అన్నాడు. సేటు తొందరగా తల ఊపాడు. పెద్దక్క తలకున్న టోపీ తీసి మడిచి బల్ల మీద పెట్టి బయటికి పోయింది.

ఆయన కారు ఎక్కబోతుంటే నేను వెంట పోయాను. ఎందుకు పోయానో తెలియదు. అడగాలనుకున్నది ఒకటి, నోటికి వచ్చింది ఇంకోటి.

"సారు, మీకాడ గీ కారం గంత పిరం ఎందుకు? వంతెన అవతల గంత లేదంటరు గదా."

ఆయన కారు తలుపు పట్టుకుని ఆగాడు. కసురుకుంటాడనుకున్నాను. కసురుకోలేదు.

"అవతల తెచ్చేవాళ్లు చాలామంది అమ్మా. ఏదైనా జరిగితే ఎవరిని పట్టుకోవాలో ఎవరికీ తెలియదు. మా దగ్గర ఒక్కరే. ఏమైనా జరిగితే మేమే జవాబు చెప్పాలి. కొనేవాళ్లు ఆ భరోసాకే ఎక్కువ ఇస్తారు. ఇంట్లో పిల్లలకు పెడితే ఫికర్ ఉండదు కదా."

కారు పోయింది. ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఒక్కడే ఏజెంటు కాబట్టి ఎక్కువ తీసుకుంటున్నాడని చిన్నదాని పెనిమిటి చెప్పిందీ అబద్ధం కాదు. రెండూ కలిపి ఆలోచించేంత తెలివి నాకు అప్పుడు లేదు, ఇప్పుడు కూడా ఎంత ఉందో తెలియదు. ఒకటి మాత్రం నాకు తెలుసు. ఆ దేశంలో పొట్లం కొన్నవాళ్లు జవాబు కోసం ఎక్కువ ఇచ్చారు. జవాబు చెప్పాల్సిన రోజు వచ్చినప్పుడు చెప్పింది పెద్దక్క. ఆ ఎక్కువలో ఆమెకు వచ్చింది ఏమీ లేదు.

సాయంత్రం షేర్ ఆటో దిగి ఊళ్లోకి నడుస్తుంటే నేను అడిగాను. షెడ్డు బయట వేపచెట్టు కింద కూర్చుని నా కోసమే ఆగింది ఆమె.

"ఎందుకు చెప్పినవక్కా? సేటు కోసమా?"

"సేటుది సేటు జూసుకుంటడు. ఆ పిల్ల చెయ్యి జూడలే నువ్వు? గా బంగారు గీత గాజులు మొన్నటిదాక దాని చేతులకే ఉండె. గాజు పెరిగిందని దాని అత్తకు ఎరుకైతే ఇంట్ల బతుకనిస్తదా? గా దేశంల పిలగానికి జరమొచ్చినా ఇది గాజు పగలగొట్టబట్టే అంటది. సచ్చేదాక అంటది." కొంచెం దూరం నడిచి అన్నది. "మనకేమున్నదే, పెరగనీకె?"

"ఉన్న పేరు పాయె గదక్కా. లేనిది చెప్పితివి."

"సగమే లేనిది." నడక ఆపింది. అప్పటిదాకా ఆమె గొంతు అంత చిన్నగా నేను వినలేదు. "ఏసుకోలే, నిజమే. ఏసుకోవాలని మాత్రం ఉండె. చేవెళ్ల సంతకు పోతే గాజుల బండి కాడ నా కాళ్లు ఆగుతుండె. ఎవలన్న చూస్తరని ఉల్లిగడ్డలు బేరం జేస్తున్నట్టు నిలవడుతుంటి. గా సారు అడుగంగనే ఎట్లొచ్చిందో నోట్లకు, ఎన్నడో అనుకున్నట్టే వచ్చింది."

నేను ఆమె చేయి పట్టుకుని నడిచాను.

ఊళ్లోకి మాకంటే ముందే కబురు పోయింది. బొట్టు బల్లవాళ్లలో మా ఊరివాళ్లు ఉన్నారు కదా. బోరింగు దగ్గర నీళ్లు పట్టేవాళ్లు మమ్మల్ని చూసి మాటలు ఆపారు. మేము దాటిపోయాక ఒక గొంతు వచ్చింది.

"పెద్దక్కా, గాజులేవే? జర సూపియ్యరాదు. ఎవలు గొనిచ్చిండ్రే?"

నవ్వులు. పెద్దక్క వెనక్కి చూడలేదు. ఎప్పుడూ ఎవరికీ బాకీ ఉంచకుండా తిరిగి అనే మనిషి, ఆ రోజు అనలేదు. వాళ్ల ఇంటి ముందు మరిది నిలబడి ఉన్నాడు. ఆమె లోపలికి పోతుంటే పక్కకు జరగలేదు. గోడకు ఒరుసుకుంటూ పోయింది. ఆమెను ఆ అర్రలో ఉండనిస్తారో లేదో నాకు తెలియలేదు. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నాను గానీ తినలేదు. మొగుడు పోయిన ఆడది గాజులు వేసుకుందంటే దానికి ఒక్కటే అర్థం చెప్పుకునే ఊరు మాది. ఆమె ఒక్కతే వేసుకుందనుకుంటున్నారు కాబట్టే ఆ అర్థం, ఇంకొకరు కూడా వేసుకుంటే అది నిలవదని అనిపించింది. రాత్రంతా అదే ఆలోచన.

చిన్నది తర్వాత నాలుగు రోజులకు నా దగ్గరకు వచ్చి అంతా చెప్పి ఏడ్చింది. ఆమె పెనిమిటి క్షేమంగానే తిరిగి వచ్చాడు, ఇప్పుడు చేవెళ్లలో దుకాణం పెట్టుకున్నాడు. నాకు అక్షరాలు నేర్పింది ఆ చిన్నదే. మా మహిళా సంఘం అర్రలో, మధ్యాహ్నాలు, పాత పొట్లాల మీది చీటీలే ముందు చదివించింది. కారం అనే మాట నేను చదివిన మొదటి మాట. పెద్దక్క తర్వాత మొయినాబాద్ దగ్గర పూల తోటల్లో పనికి పోయింది. షెడ్డు గేటు మళ్లీ తొక్కలేదు. ఇవన్నీ తర్వాతి సంగతులు. నేను చెప్పాల్సింది, పెద్దక్క గాజు తనదన్న రోజుకు మర్నాటి పొద్దున సంగతి.

పొద్దున్నే నా కొడుకు పాలు పోయడానికి పోయాక కోడలిని పిలిచి గాజుల డబ్బా తెమ్మన్నాను.

"ఎవలకత్తా?"

"నాకే."

ఆమె నన్ను చూసింది. అడగాలనుకున్నవి చాలా ఉన్నాయని తెలుస్తూనే ఉంది. అడగకుండా డబ్బా తెచ్చింది. ముదురు ఎరుపువి తీయబోయింది. ఆకుపచ్చవి లేవా అన్నాను. ఉన్నాయి. సబ్బు నీళ్లు తెచ్చి ముందు కూర్చుంది. పని చేసీ చేసీ నా చేతులు మొద్దుబారాయి, గాజు బొటనవేలి గూటి దగ్గర ఆగిపోయింది. కోడలు నా చేయి తన మోకాలి మీద పెట్టుకుని మెల్లగా నొక్కుతూ ఎక్కించింది. ఎక్కినాక ఇద్దరం కాసేపు దాన్నే చూశాం. "ఇంకొన్ని ఎయ్యి" అన్నాను.

బోరింగు దగ్గర నిన్నటివాళ్లే ఉన్నారు. నేను కొంగు కప్పుకోలేదు. చేతులు ఊపుకుంటూ నడిచాను. గాజులు గలగలమన్నాయి. నిన్న అడిగినామె చూపు నా చేతుల మీద పడి అక్కడే ఉండిపోయింది. ఆమె బిందె నిండి నీళ్లు కారుతున్నాయి.

పెద్దక్క వాకిట్లో కూర్చుని బియ్యం చెరుగుతోంది. చప్పుడు విని తల ఎత్తింది. చాలాసేపు నా చేతులను చూసింది.

"ఎవల పెండ్లే?" అన్నది.

ఆమె ముందు కూర్చుని నా చేతి గాజుల్లో సగం తీశాను. ఆమె చేట పక్కన పెట్టి చేయి వెనక్కి లాక్కుంది. ఇంటి లోపలికి ఒకసారి చూసింది, మరిది ఉన్నాడేమోనని. తర్వాత చేయి ముందుకు చాపింది. ఆమె చేయి సన్నం, సబ్బు కూడా అక్కరలేకపోయింది.

"జర మెల్లగెయ్యి," అన్నది. "పెరుగుతయ్."

షెడ్డుకు పోయేసరికి ఆలస్యమైంది. సేటు గేటు దగ్గరే ఉన్నాడు. నా చేతులు చూశాడు, నా ముఖం చూశాడు, ఏదో అనబోయాడు. అతను చెప్పేదాకా నేను ఆగలేదు. గోడ దగ్గరి బోసి బల్లను దాటి, కూలి తక్కువ వచ్చే బొట్టు బల్లకు పోయాను. చిన్నది నా చేతుల వైపు చూసి, కళ్లు నింపుకుని, జరిగి చోటిచ్చింది. కూర్చుని తూకం దగ్గరకు లాక్కున్నాను. గాజులు తొట్టికి తగలకుండా మోచేతి దాకా పైకి తోసుకుని, వంతెన అవతలి దేశానికి పోయే మొదటి పొట్లం నింపాను.